బోరు ఎవరిదైనా లెక్క దేశానిది

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు జాడ కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు ఉబికి వచ్చాయి. ఆ వేడిని వాడుకుని సింగరేణి సంస్థ, కేంద్ర బొగ్గు శాఖ పరిశోధన నిధులతో, 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. ఇరవై కిలోవాట్లంటే అయిదు హెచ్‌పీ వ్యవసాయ మోటార్లు అయిదింటికి సరిపోయే కరెంటు. మరోవైపు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, అంటే జీఎస్‌ఐ, 2022 నాటి తన భూతాప అట్లాసులో దేశం మొత్తం మీద నేలకింది వేడి బయటపడుతున్న చోట్లు 381 అని లెక్కగట్టి, 10,600 మెగావాట్ల విద్యుత్తుకు అవకాశం ఉందని అంచనా వేసింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు రెండు రకాలుగా మాట్లాడుతున్నారు. అట్లాసంతా కాగితం మీది ఆశ అని కొందరంటారు. పెట్టుబడిదారుల్ని పిలిచి బోర్లు వేయించడమే తరువాయి అని ఇంకొందరంటారు. నా ఉద్దేశంలో ఇద్దరూ తొందరపడుతున్నారు. ఆ 10,600 నిజమో కాదో తేల్చి చెప్పగలిగినంత మంది మనుషులు, అన్ని కొలతలు, వాటిని ఏళ్ల తరబడి కూడబెట్టే ఒక చోటు మనకింకా లేవు. విద్యుత్ కేంద్రాలకంటే ముందు కట్టుకోవలసింది ఆ చోటునే. విశ్వవిద్యాలయాలూ డ్రిల్లింగ్ కంపెనీలూ ఒకే బోరు చుట్టూ చేరితే తప్ప అది సాధ్యపడదు.

మనం ఈ పని ఇప్పుడే మొదలుపెట్టామనుకుంటే పొరపాటు. లద్దాఖ్‌లోని పుగా లోయలో, సముద్రమట్టానికి 4,400 మీటర్ల ఎత్తున, జీఎస్‌ఐ 1970లలోనే రిగ్గులు దించింది. అక్కడ వేసిన 34 బోర్లలో అన్నిటికన్నా లోతైనది 400 మీటర్లు కూడా లేదు. అయినా 140 డిగ్రీల దాకా వేడి తగిలింది. హిమాచల్ ప్రదేశ్‌లోని మణికరణ్‌లో బెంగళూరు నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ వాళ్ల 5 కిలోవాట్ల యంత్రం నడిచింది, అదే వేడితో చిన్న శీతల గిడ్డంగిని కూడా నడిపి చూశారు. కొండచరియలు విరిగిపడటంతో ఆ ముచ్చట ముగిసింది. ఛత్తీస్‌గఢ్‌లోని తాతాపానిలో బోర్ల నుంచి వంద డిగ్రీలు దాటిన నీరు వచ్చింది. 300 కిలోవాట్ల కేంద్రమనే ప్రతిపాదన మాత్రం ఫైళ్లలోనే ఉండిపోయింది. 2021 ఫిబ్రవరిలో చమురు సంస్థ ఓఎన్‌జీసీ, లద్దాఖ్ పాలనా యంత్రాంగం, లేహ్ కొండ ప్రాంత మండలి కలిసి ఒప్పందం రాసుకుని పుగాకు మళ్లీ వెళ్లాయి, తొలి మెట్టుగా ఒక మెగావాటు అన్నాయి. ఆ మరుసటి ఏడాది బోరులోంచి వచ్చిన ద్రవం వాగులో కలవడం వివాదమైంది. యాభై ఏళ్లలో ఇన్ని ప్రయత్నాలు జరిగినా ఒకదాని అనుభవం ఇంకోదానికి పెద్దగా అందలేదు. ఒకచోట విమాన పరిశోధన సంస్థ, ఒకచోట సర్వే సంస్థ, ఒకచోట చమురు కంపెనీ, ఒకచోట బొగ్గు కంపెనీ. ప్రాజెక్టు ముగియగానే బృందం చెదిరిపోతుంది, నివేదిక బీరువాలోకి వెళుతుంది.

గాలి విద్యుత్తు విషయంలో ఇలా జరగలేదు. చెన్నైలో ఒక జాతీయ సంస్థ కూర్చుని ఎక్కడ ఎంత గాలి వీస్తోందో స్తంభాలు నిలబెట్టి కొలిచి, పటాలు గీసి, అందరి ముందూ పెట్టింది. సౌరశక్తికీ, జీవ ఇంధనాలకీ ఇలాంటి జాతీయ సంస్థలున్నాయి. చిన్న జలవిద్యుత్ కేంద్రాలకైతే 1982లోనే రూర్కీ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక కేంద్రం పెట్టారు. అదిప్పుడు అక్కడి ఐఐటీలో ఒక విభాగం. భూతాప శక్తికి గాంధీనగర్‌లో పండిత్ దీనదయాళ్ విశ్వవిద్యాలయంలో ఒక కేంద్రం పనిచేస్తోంది, మంచిదే. కానీ దేశమంతటి బోర్ల లెక్కనూ ఒకచోట చేర్చి, శిక్షణ ఇచ్చి, పరిశ్రమకు జవాబుదారీగా ఉండే సంస్థ ఈ ఒక్క రంగానికే కొరత. నిజానికి ఆ అవసరం ఎక్కువగా ఉన్నది ఈ రంగానికే. ఎండ ఎంత కాస్తుందో పైనుంచే తెలుస్తుంది. నేలకింద ఏముందో తవ్వితే తప్ప తెలియదు. భూతాప కేంద్రం ఖర్చులో దాదాపు సగం తవ్వకానికే పోతుంది, అదీ ఒక్క యూనిట్ కరెంటు రాకముందే. రాయలసీమలోనో నల్లగొండలోనో పక్క చేలో బోరు ఎన్ని అడుగుల్లో ఎందుకు ఎండిందో తెలియక, ఒకటి తర్వాత ఒకటి వేసి అప్పులపాలైన రైతు సంగతి మనకు కొత్త కాదు. కిలోమీటర్ల లోతుకు దిగే బోరు విషయంలో అదే అజ్ఞానం కోట్లలో ఉంటుంది. ఎండిన బోరు రికార్డు కూడా తర్వాతి బోరుకు పెట్టుబడే. దాన్ని దాచుకుంటే వేసినవాడికి ఒరిగేదేమీ లేదు, మిగతావాళ్లంతా మళ్లీ మొదటి నుంచి నష్టపోతారు.

ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టి చూపింది అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం. నేల లోపల వేడి రాయి ఉన్నా నీరూ పగుళ్లూ లేనిచోట కృత్రిమంగా పగుళ్లు సృష్టించి, ఒక బోరులో నీరు పంపి ఇంకో బోరులోంచి వేడిగా తీసుకోవాలన్నది 1970ల నాటి ఆలోచనే. న్యూమెక్సికోలో లాస్ అలమోస్ శాస్త్రవేత్తలు అప్పుడే ప్రయోగించారు. దశాబ్దాలపాటు అది లాభసాటి కాలేదు. 2018లో అమెరికా ఇంధన శాఖ మిల్‌ఫర్డ్ అనే చిన్న ఊరి దగ్గర ఫోర్జ్ అనే క్షేత్ర ప్రయోగశాలను నడిపే బాధ్యతను ఆ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. ఇప్పటిదాకా కేటాయించింది 20 కోట్ల డాలర్లు దాటింది. అక్కడి బోర్ల నుంచి కరెంటు అమ్మాలని ఎవరూ అనుకోలేదు. గట్టి గ్రానైటును ఎంత వేగంగా, ఎంత చవకగా తొలచవచ్చో, పగుళ్లు ఎటు పాకుతాయో తెలుసుకోవడమే లక్ష్యం. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం బృందం అక్కడ డ్రిల్లింగ్ పద్ధతినే తిరగరాసింది. రాయిని తొలిచే మొన, అంటే బిట్టు, ఎక్కడ ఎందుకు మందగిస్తోందో రిగ్గు సిబ్బందితో కలిసి అడుగడుగునా పట్టుకుని, ఆ అడ్డంకిని తొలగిస్తూ పోయారు. ఆ పని నడిపించిన ఫ్రెడ్ డ్యూప్రీస్ట్ అంతకుముందు చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్‌లో డ్రిల్లింగ్ ఇంజినీరు. చమురు బావుల్లో మెత్తని రాళ్లకే పనికొస్తాయనుకున్న బిట్లు గ్రానైటులోనూ దూసుకుపోయాయి. ఆ కొలతలన్నీ బహిరంగంగా పెట్టారు, ఎవరైనా దించుకోవచ్చు.

లాభపడింది ఎవరు? ఫెర్వో అనే కంపెనీని చూడండి. చమురు రంగంలో డ్రిల్లింగ్ ఇంజినీరుగా పనిచేసి స్టాన్‌ఫర్డ్‌లో చదువుకోవడానికి వెళ్లిన టిమ్ లాటిమర్, అక్కడే పరిశోధన చేసిన జాక్ నార్బెక్ కలిసి 2017లో దాన్ని పెట్టారు. 2023లో నెవాడాలో 3.5 మెగావాట్లకు సరిపడే ప్రవాహాన్ని పరీక్షలో చూపారు. ఆ తర్వాత పెద్ద కేంద్రానికి వాళ్లు ఎంచుకున్న స్థలం ఫోర్జ్ పక్కనే. తొలి బోర్లతో పోలిస్తే అక్కడ తవ్వకం సమయం 70 శాతం తగ్గిందని ఆ కంపెనీ ప్రకటించింది. కంపెనీ మాటను కొంత తగ్గించి తీసుకున్నా, ప్రభుత్వ సొమ్ముతో విశ్వవిద్యాలయం తొలిచిన రాయి గురించి ముందే తెలియడం వాళ్లకు ఎంత కలిసొచ్చిందో ఊహించవచ్చు. ఇక్కడ మనం గమనించవలసింది డాలర్లను మాత్రమే కాదు. రిగ్గు మీద పనిచేసినవాళ్లు తరగతి గదికీ, తరగతి గదిలోవాళ్లు రిగ్గు మీదికీ వెళ్లే దారి తెరిచి ఉండటాన్ని కూడా. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2024 డిసెంబరు నివేదిక ప్రకారం, భూతాప ప్రాజెక్టు పెట్టుబడిలో 80 శాతం దాకా చమురు, గ్యాస్ రంగంలో ఇప్పటికే ఉన్న నైపుణ్యాలతో ముడిపడినదే.

అది సంపన్న దేశం కదా, మనతో పోలికేమిటి అంటే కెన్యా ఉంది. ఓల్కారియాలో 1950లలో వేసిన మొదటి బోర్లు వాళ్లను నిరాశపరిచాయి. 15 మెగావాట్ల మొదటి యూనిట్ 1981కి గాని రాలేదు. ఈరోజు ఆ దేశపు భూతాప సామర్థ్యం 900 మెగావాట్లు దాటింది, కరెంటులో నలభై శాతానికి పైగా దాన్నుంచే వస్తోంది. ఆ మధ్యకాలంలో వాళ్లు చేసిందేమిటంటే ఓపిగ్గా మనుషుల్ని తయారుచేసుకోవడం. 1979 నుంచి ఐస్‌లాండ్ నడుపుతున్న ఆరు నెలల భూతాప శిక్షణకు అన్ని దేశాలకన్నా ఎక్కువ మందిని పంపింది కెన్యాయే. తర్వాత డెడాన్ కిమాతి విశ్వవిద్యాలయంలో సొంత శిక్షణ సంస్థ పెట్టుకుంది. కెన్యా కంపెనీ కెన్‌జెన్ రిగ్గు సిబ్బంది ఇథియోపియా, జిబూతీ దేశాలకు వెళ్లి బోర్లు వేసి డబ్బు సంపాదించారు. న్యూజిలాండ్ ఉదాహరణ ఇందుకు మరో ముఖం. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో 1970ల చివర మొదలైన భూతాప డిప్లొమా ఎన్నో దేశాలకు ఇంజినీర్లను ఇచ్చింది. 2000ల తొలి ఏళ్లలో ప్రభుత్వ నిధులు ఆగేసరికి అదీ ఆగిపోయింది, తిరిగి నిలబెట్టుకోవడానికి మళ్లీ శ్రమపడవలసి వచ్చింది.

అయితే ఆ పరిజ్ఞానాన్నంతా కొనుక్కుంటే సరిపోదా అన్నది తేలిగ్గా కొట్టిపారేయలేని ప్రశ్న. ఐస్‌లాండ్ వాళ్లు వచ్చి బోరు వేసి, యంత్రం బిగించి వెళతారు, మనకెందుకీ తంటా అనిపించవచ్చు. యంత్రం కొనుక్కోవచ్చు, నిజమే. కానీ మన వాతావరణాన్నీ మన రాయినీ ఎవరూ అమ్మరు. అలాస్కాలోని చెనా అనే చోట 2006 నుంచి 74 డిగ్రీల నీటితోనే కరెంటు తీస్తున్నారు. ప్రపంచంలో ఇంత తక్కువ వేడితో వాణిజ్యపరంగా నడిచే కేంద్రాలు అరుదు. అక్కడి రహస్యం వేడినీటిలో లేదు, చల్లబరచడానికి దొరికే 4 డిగ్రీల నీటిలో ఉంది. ఈ యంత్రాల్లో శక్తినిచ్చేది రెండింటి మధ్య తేడా. ఆ తేడాతో, సిద్ధాంతరీత్యా, నూటికి ఇరవై పాళ్ల వేడిని పనిగా మార్చవచ్చు. అదే యంత్రాన్ని తెచ్చి మే నెలలో గోదావరి ఒడ్డున పెట్టి, చల్లబరిచే నీరు 35 డిగ్రీలుందనుకోండి, ఆ గరిష్ఠం పదకొండుకు పడిపోతుంది. ఆచరణలో వచ్చేది అందులో సగం. మణుగూరు లాంటి చోట్ల ఏ ద్రవం వాడాలి, ఎలా చల్లబరచాలి, పైపుల్లో ఏ ఉప్పు పేరుకుంటుంది, కరెంటు తీయడం మేలా లేక ఆ వేడితోనే శీతల గిడ్డంగి నడపడం మేలా అన్నవి ఐస్‌లాండ్‌లో ఎవరూ వేసుకోని ప్రశ్నలు. వేసుకోవలసిన అవసరం వాళ్లకు లేదు.

మనకు ఆ పని మొదలుపెట్టడానికి గోదావరి లోయకంటే అనువైన చోటు తక్కువ. హైదరాబాద్‌లో 1961 నుంచి ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్‌ఐ, దేశంలో నేల లోపలి నుంచి ఎంత వేడి పైకి వస్తోందో దశాబ్దాలుగా కొలుస్తోంది, పుగాలో భూమి విద్యుత్ వాహకత కొలిచి లోపలి వేడి తావుల్ని వెతికిందీ ఆ సంస్థే. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో జియోఫిజిక్స్ విభాగాలున్నాయి. విశాఖలో పెట్రోలియం విద్యకంటూ 2016లో జాతీయ సంస్థ పెట్టారు, కాకినాడ జేఎన్‌టీయూలోనూ ఆ కోర్సు ఉంది. రాజమహేంద్రవరం కేంద్రంగా ఓఎన్‌జీసీ కృష్ణా గోదావరి బేసిన్‌లో ఎన్నో బావులు తవ్వింది. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ రిగ్గులనే తయారుచేసి ఓఎన్‌జీసీకి ఇస్తోంది. నదికి ఎగువన సింగరేణి, జీఎస్‌ఐ బొగ్గు కోసం వేల బోర్లు వేశాయి. ఒకే నదీ లోయ పొడవునా ఇన్ని ఉన్నా, ఒకరి పని ఒకరికి అక్కరకొచ్చే ఏర్పాటు లేదు.

ఆ ఏర్పాటు ఎలా ఉండాలో చెప్పడానికి చాలా చిన్న ఉదాహరణ చాలు. బొగ్గు బోరులో ఒక థర్మామీటరు దించి అడుగడుగునా వేడిని కొలవడం పెద్ద ఖర్చు కాదు. కానీ తవ్విన వెంటనే కొలిస్తే లెక్క తప్పుతుంది. తవ్వేటప్పుడు పంపిన నీరూ బురదా రాయిని చల్లబరుస్తాయి. అది తన అసలు వేడికి చేరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. కంపెనీకి అంత తీరికుండదు. బొగ్గు పొర ఎక్కడుందో తెలిశాక లోపలి ఇనుప గొట్టాలు పైకి లాగేసి, బోరు పూడ్చి, రిగ్గును తర్వాతి చోటుకు తోలాలి. పరిశోధకుడికి అదే బోరు ఇంకో నెల తెరిచి ఉండాలి. వీళ్లిద్దరి మధ్య తేడా ఒక నెల గడువు, కొన్ని గొట్టాల ఖరీదు. దాన్ని ఎవరు భరించాలో ముందే రాసుకుంటే, వచ్చే పదేళ్లలో గోదావరి లోయలో భూమి లోపలి వేడికి దేశంలో మరెక్కడా లేనంత దట్టమైన పటం తయారవుతుంది. దీనికోసమే కొత్తగా ఒక్క బోరూ వేయకుండానే. చమురు బావులదీ ఇదే కథ. వాటి అడుగు ఉష్ణోగ్రతలు కంపెనీల బావి రికార్డుల్లో నమోదై ఉన్నాయి. సరిదిద్ది చదవగల విద్యార్థులు కావాలి, అంతే. వట్టిపోయిన చమురు బావుల్ని భూతాప బావులుగా మార్చేద్దామని ఇప్పుడందరూ ఉత్సాహంగా అంటున్నారు గాని, చమురు కోసం దించిన సన్నటి గొట్టాల్లోంచి భూతాప కేంద్రానికి కావలసినంత నీరు వస్తుందా, తుప్పు పట్టిన గొట్టం ఆ వేడిని తట్టుకుంటుందా అన్నది బావి బావికీ తేల్చవలసిన సంగతి. ఎన్ని పనికొస్తాయో చూడకుండా లక్ష్యాలు ప్రకటించడం నేల విడిచి సాము చేయడమే.

కంపెనీలు తమ లెక్కలు బయటపెట్టవన్నది దీని మీద మొదట వచ్చే అభ్యంతరం. ఊరికే అడిగితే పెట్టవు, నిజమే. కానీ చమురు రంగంలోనే దీనికి మార్గం ఉంది: కేంద్ర హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ నడిపే జాతీయ భాండాగారంలోకి బావుల, సర్వేల వివరాలు చేరుతున్నాయి. వాణిజ్య రహస్యం కొన్నేళ్లు కాపాడి ఆ తర్వాత తెరవడం, ప్రభుత్వ సొమ్ము ఒక్క రూపాయి పడినా వెంటనే తెరవడం అనే రెండు నియమాలు చాలు. విశ్వవిద్యాలయాలు నెమ్మదిగా కదులుతాయన్నది రెండో అభ్యంతరం, దానికి నా దగ్గర అంత ధీమాగా జవాబు లేదు. మన దగ్గర ఆచార్యుడికి పదోన్నతి ప్రచురించిన వ్యాసాల సంఖ్యను బట్టి వస్తుంది. రిగ్గు మీద నెల రోజులు గడిపి, ఒక బిట్టు ఎందుకు విరిగిందో రాసిన నివేదికకు అక్కడ విలువ లేదు. ఈ లెక్క మారకుండా ఎన్ని ఒప్పందాల మీద సంతకాలు చేసినా ఫొటోలే మిగులుతాయి. కంపెనీలో పాతికేళ్లు బోర్లు వేసిన ఇంజినీరు తరగతి చెప్పడానికి రావడం అరుదు కావడం కూడా ఇందులో భాగమే.

సౌర విద్యుత్తు యూనిట్ మూడు రూపాయల లోపు దొరుకుతున్నప్పుడు ఇదంతా ఎందుకన్నది అన్నిటికన్నా బలమైన ప్రశ్న. 2025 జనవరిలో దేశ సౌర సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. పట్టపగలు దాంతో భూతాపం పోటీ పడలేదు, పడనక్కర్లేదు. రాత్రీ పగలూ ఆగకుండా వచ్చే కరెంటుకు విలువ వేరు. లద్దాఖ్‌లో చలికాలం ఇళ్లు వెచ్చబరచడానికి డీజిలు మోయడంతో పోల్చినప్పుడు ఖర్చు లెక్క వేరు. పండ్లూ చేపలూ చల్లగా ఉంచడానికి, పంట ఆరబెట్టడానికి వేడిని నేరుగా వాడితే, కరెంటుగా మార్చడంలో పోయే తొంభై పాళ్లు మిగులుతాయి. ఇవన్నీ చూశాక కూడా మన దగ్గర నిజంగా తీయగలిగింది అట్లాసు అంకెలో పదో వంతే అని తేలవచ్చు. ఆ మాట ఆధారాలతో ఇప్పుడే చెప్పగలిగితే, తర్వాత ఎండిన బోర్ల మీద పోయే డబ్బు ఆదా అవుతుంది. పరిశోధనకు ఇచ్చే సొమ్ము అనుకూలమైన జవాబు కోసమే అనుకోకూడదు.

భయాల్లో ఒకటి మాత్రం అక్షరాలా నిజం. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017 నవంబరు 15న 5.5 తీవ్రతతో భూకంపం వచ్చింది, అనేకమంది గాయపడ్డారు. అక్కడి భూతాప ప్రాజెక్టు లోతైన రాతిలోకి నీటిని ఎక్కించడమే దాన్ని రేపిందని 2019 మార్చిలో ప్రభుత్వ విచారణ సంఘం తేల్చింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2006లో వచ్చిన ఇంతకన్నా చిన్న ప్రకంపనలకే ప్రాజెక్టు మూతపడింది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చిన లోయ మనది. కాబట్టి రాతిని పగలగొట్టే ప్రయోగాలు ఇక్కడ ముందుగా చేయవలసినవి కావు, సహజంగా వేడినీరున్న చోట్లతోనే మొదలుపెట్టాలి. పోహాంగ్‌లో పరిశోధకులూ కంపెనీలూ ఒకే బృందంలో ఉన్నారు. పెద్ద భూకంపానికి ముందే నెలల తరబడి చిన్నవి వచ్చినా, పని ఆపమని గట్టిగా చెప్పగల మూడో మనిషి లేడు. విద్యాసంస్థ, పరిశ్రమ కలిసి పనిచేయాలని వాదిస్తున్న నాలాంటివాళ్లు ఈ చేదు పాఠాన్ని దాచకూడదు. ప్రకంపనలు కొలిచేవాళ్లు, నీటి నాణ్యత చూసేవాళ్లు ప్రాజెక్టు భాగస్వాములై ఉండకూడదు, వాళ్ల కొలతలు ఆ రోజే ఊరివాళ్లకు కనిపించాలి. పుగా వాగు విషయంలో తలెత్తిన అనుమానాలకు కూడా అప్పుడే చోటుండేది కాదు.

డబ్బు దొరకదని ఇప్పుడనలేం. అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం 2023లో వచ్చింది. 2025లో ప్రైవేటు పరిశోధనకు లక్ష కోట్ల నిధి ప్రకటించారు. అయితే ఆ రెండో నిధి ప్రధానంగా దీర్ఘకాలిక రుణాల రూపంలో వెళుతుంది. ఎండిన బోరు అప్పు తీర్చలేదు కనుక తొలి బోర్లకు అది పనికిరాదు, వాటికి గ్రాంటే కావాలి. 2025 సెప్టెంబరులో కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ దేశంలో మొదటిసారిగా భూతాప శక్తి విధానాన్ని ప్రకటించింది. పరిశోధన, శాఖల మధ్య సమన్వయం, చమురు బావుల పునర్వినియోగం అన్నీ అందులో ప్రస్తావించారు. కాని విధానం రాసిన ఆ శాఖ చేతిలో ఒక్క బోరూ లేదు. సర్వే బోర్లు గనుల శాఖ కింద, చమురు బావులు పెట్రోలియం శాఖ కింద, ఎన్‌జీఆర్‌ఐ శాస్త్ర శాఖ కింద ఉన్నాయి. సింగరేణిలో సగానికి పైగా వాటా తెలంగాణ ప్రభుత్వానిది. వీళ్లందరి బోర్లలోకీ థర్మామీటరు దించడానికి, అవి నెల రోజులు తెరిచి ఉంచడానికి, ఆ లెక్కలు ఒకేచోట చేర్చడానికి కేంద్ర మంత్రివర్గ స్థాయిలో ఒక ఉత్తర్వు, తెలంగాణ ప్రభుత్వం నుంచి ఒక అంగీకార పత్రం కావాలి. అందులో తొలి అయిదేళ్ల లక్ష్యంగా మెగావాట్లు రాయకపోవడమే మంచిది. కొలిచిన బోర్లు ఎన్ని, తెరిచిన రికార్డులు ఎన్ని, రిగ్గు మీద పనిచేసి పట్టా అందుకున్నవాళ్లు ఎందరు అని రాస్తే, ఆరో ఏట పార్లమెంటులో అడగడానికి సరైన ప్రశ్నలు ఉంటాయి.